మిల్లు దగ్గర పెట్టిన ఇల్లు

కారులో దారి చూపించే పెట్టె ఎందుకు కొన్నావని ఎవరడిగినా సిగ్నల్ పేరు చెప్పేవాణ్ణి. కాలువ గట్ల మీద ఫోను సరిగ్గా పనిచేయదు, చేల మధ్యకి వెళ్తే అసలే పనిచేయదు, నా ఉద్యోగమేమో అలాంటి చోట్లకే తిప్పుతుంది అనేవాణ్ణి. అందులో అబద్ధమేమీ లేదు. కానీ నేను కొన్నది అందుకు కాదు. దారిలో ఆగి ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేకుండా ఉండాలని కొన్నాను. నేను దారి అడిగితే వాళ్ళు నన్ను ఇంకేదో అడుగుతారు. దానికి జవాబు చెప్పడం నాకు సిగ్గు.

నాది రైసుమిల్లుల్లో మిషన్లు బాగుచేసే పని. బియ్యంలోంచి నల్లగింజలూ మట్టిబెడ్డలూ ఏరేసే మిషను ఒకటుంటుంది. అది మొరాయిస్తే మిల్లు ఆగుతుంది, మిల్లు ఆగితే ధాన్యం లారీలు గేటు బయట బారులు తీరతాయి, ఓనరు గారికి బీపీ పెరుగుతుంది, నాకు ఫోను వస్తుంది. చదివింది పాలిటెక్నిక్ డిప్లొమానే అయినా మిల్లుల్లో అందరూ నన్ను ఇంజనీరు గారంటారు. నేనూ కాదనలేదు. మెడలో కంపెనీ కార్డు, కాళ్ళకి బూట్లు, సెకండ్‌హ్యాండుదైనా సొంత కారు. ఇన్ని ఉండి కూడా టీకొట్టు ముందు కారాపి అద్దం దించాలంటే నాకు చెమటలు పట్టేవి.

మా వైపు దారి అడిగితే చటుక్కున దారి చెప్పరు. ముందు మనిషిని తెలుసుకుంటారు. "ఎక్కణ్ణించండి? ఏ ఊరండి మనది? ఆ ఊళ్ళో ఎవరి తాలూకండి?" అందులో కక్షా లేదు, కుళ్ళూ లేదు. అది మా మర్యాద. ఎవరి తాలూకో తేలితే ఎక్కడో ఒక చుట్టరికం కలుస్తుంది. కలిస్తే చేస్తున్న పని వదిలేసి కారెక్కి మరీ ఇంటిదాకా చూపిస్తారు, దారిలో కొబ్బరిబొండం కొట్టిస్తారు. కలవకపోతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. ఏమీ అనరు. "ఓహో, అలాగాండి" అని, కూర్చున్నచోటి నుంచే చేత్తో దారి చూపించి, టీగ్లాసు అందుకుంటారు. నా భయమంతా ఆ "ఓహో" గురించే.

ఎందుకంటే మాది పేట. రాజమండ్రి నుంచి మండపేట వెళ్ళే దారిలో మెయిన్ రోడ్డు పక్కన రైసుమిల్లు కనిపిస్తుంది. దాని చుట్టూ ఊరు. మిల్లు వెనక చేలకి నీళ్ళు పారే పంటబోదె, బోదె దాటడానికి దాని మీద ఒక తూము, అది దాటాక చర్చి, చర్చి చుట్టూ మా ఇళ్ళు. తాతల నాటి నుంచీ ఊరివాళ్ళ చేలల్లో ఊడ్చి, కోసి, మోసి బతికినవాళ్ళం. ఈ రోజుల్లో కులమేంటని మొహం మీద ఎవరూ అడగరు, ఏ వీధని అడుగుతారు. చర్చి దగ్గరంటే మిగతాది వాళ్ళకే తెలిసిపోతుంది.

ఒకసారి ఒక ఊళ్ళో మిల్లుకి దారి అడిగితే, పెద్ద రైతు ఒకాయన ఇదే వరసలో మొదలుపెట్టాడు. నోటికొచ్చినట్టు "రైసుమిల్లు పక్కనండి" అన్నాను. "మిల్లు పక్కనంటే, మిల్లువారి అన్నదమ్ములాండి?" అన్నాడు మొహం వికసించి. నేను అవునన్లేదు, కాదన్లేదు. నవ్వాను. ఆ నవ్వుకే నన్ను లోపలికి తీసికెళ్ళి కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించాడు. ఆ గ్లాసు పట్టుకుని తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆయన చెప్పిన మిల్లులో మా నాన్న ముప్ఫై ఏళ్ళు బస్తాలు మోశాడు.

ఆ వారమే రాజమండ్రి వెళ్ళి కార్ల సామాన్ల కొట్టు ఎక్కాను.

"ఫోనుండగా ఇవన్నీ ఎందుకండి?" అన్నాడు కొట్టాయన. అమ్ముకునేవాడు అనాల్సిన మాట కాదది. ముందు ఫోను నిలబెట్టే స్టాండు చూపించాడు. మ్యాపు ఇంటి దగ్గరే దించుకుంటే సిగ్నల్ లేకపోయినా నడుస్తుందన్నాడు. నా సాకు అక్కడే గోదాట్లో కలిసిపోయింది. రెండోది, పాటలపెట్టె తీసేసి ఆ చోట బిగించే పెద్ద తెర. దాన్లో సినిమాలు కూడా వస్తాయట. మూడోది ముందు అద్దానికి అతికించే చిన్న పెట్టె. మ్యాపులన్నీ దాన్లోనే ఉంటాయి, దారి తెలుగులో చెప్తుంది.

నేను రెండు గంటలు ఆయన ప్రాణం తీశాను. ఇది ఇంటి గేటు దాకా తీసికెళ్తుందా, ఊరి మొదట్లో వదిలేస్తుందా? సందులు చూపిస్తుందా? తప్పు దారిలో వెళ్తే అదే సరిచేస్తుందా, లేకపోతే మళ్ళీ మనం ఎవర్నన్నా అడగాలా? పెట్టెకి ఆకాశం కనపడితేగాని ఉపగ్రహాలు అందవంటే, ఎర్రటి ఎండలో నడిరోడ్డు మీద ఇద్దరం చెరో పెట్టె పైకెత్తి పట్టుకుని నిలబడ్డాం. పోయేవాళ్ళు ఆగి ఆకాశంలోకి చూసి, ఏమీ కనపడక మా వైపు చూసి వెళ్ళారు.

"ఎంత మంచిదైనా ఆఖర్న ఒక్క మాట ఎవర్నన్నా అడగాల్సొస్తదండి," అన్నాడాయన చెమట తుడుచుకుంటూ. "అడిగితే పోయేదేముందండి, నోరుంది గదా."

"అడిగేవాణ్ణయితే మీ కొట్టుకెందుకొస్తానండీ" అని విసుక్కున్నాను. పాపం, ఆయన తప్పేమీ లేదు.

చివరికి మూడోదే ఖాయం చేశాను. కారు అద్దానికి అతికించి, "మీ ఇల్లు పెట్టి చూద్దామండి, తిరిగెళ్ళేటప్పుడు అదే తీసికెళ్తది" అని ఊరి పేరడిగాడు. చెప్పాను. తెర మీద మా ఊరు వచ్చింది, పైనుంచి తీసిన ఫోటోలాగా. ఆయన వేళ్ళతో లాగి పెద్దది చేశాడు. "ఇదిగో మిల్లు, ఇది గుడి, ఇటేపు చర్చి. మీదెక్కడండి?"

మా ఇల్లు కనపడుతూనే ఉంది. చర్చి వెనక రెండో వరసలో, డాబా మీద నీళ్ళ ట్యాంకుతో సహా. ఆ డాబా వేయడానికి మా ఆవిడా నేనూ ఆరేళ్ళు కష్టపడ్డాం. ఎక్కడో ఆకాశంలో తిరిగే ఉపగ్రహానికి కూడా మా ఇల్లు కనపడింది. నేనే వేలు ఇటు జరిపి మిల్లు మీద పెట్టాను. కొట్టాయన ఎవరు, నేనెవరు, ఆయనకేం పట్టింది? అయినా నా వేలు అటే పోయింది.

"మిల్లు మీదేనాండి?" అన్నాడు మర్యాదగా.

"పక్కనండి" అన్నాను.

పెట్టెలో ఉన్నదే తర్వాత ఫోనులోనూ పెట్టుకున్నాను, ఎవరైనా లొకేషన్ అడిగితే పంపడానికి.

ఇంటికి వచ్చాక ఆ పెట్టె చూసి అందరికంటే మురిసిపోయింది మా నాన్న. "అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇది అడక్కుండానే దారి పెడతదంట" అని చర్చి దగ్గర అందరికీ చెప్పుకొచ్చాడు. ఆదివారం ఇస్త్రీ చొక్కాతో కారులో నా పక్కన కూర్చుని, తెర మీదకి వంగి, "ఇందులో మనిల్లేదిరా?" అన్నాడు.

ఏదో ఒకటి చెప్పాలి. "చిన్న ఇళ్ళు ఇందులో పడవు నాన్నా" అన్నాను.

"అవున్లే, ఊళ్ళు ఎన్నుంటాయి, అన్నీ ఎక్కడ పట్టుద్ది" అని వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. నమ్మాడు. నా మాట నమ్మకపోవడమన్నది ఆయనకి తెలియదు.

ఆ పెట్టెతో ఏడాదికి పైగా హాయిగా తిరిగాను. అద్దాలు ఎత్తేసి, ఏసీ పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా మిల్లు గేటులోకి పోయేవాణ్ణి. ఎవరి తాలూకని అడిగేవాడే లేడు.

రెండో పంట, దాళ్వా ధాన్యం మిల్లులకి వస్తున్న రోజుల్లో ఒక ఉదయం, కాలువ దిగువన ఒక మిల్లులో పని ముగించుకుని బయల్దేరుతుంటే మండపేట ఓనరు ఒకాయన ఫోను చేశాడు. నన్ను బాగా అభిమానించే మనిషి. ఆయన మిషనులో బోర్డు కాలిపోయింది, మిల్లు ఆగిపోయింది. తను రాజమండ్రి పెళ్ళికి పోతున్నాడు, దారిలో మా ఊరే కాబట్టి బోర్డు ఇంటి దగ్గర ఇచ్చేసి పోతానన్నాడు. "లొకేషన్ పెట్టండి సార్."

పెట్టాను. మా ఊరి మిల్లు దగ్గర పెట్టిన ఇల్లే పంపాను. ఆయన కంటే ముందు నేనే మిల్లు దగ్గరికి చేరుకుని, రోడ్డు మీదే బోర్డు తీసుకుని, పెళ్ళికి ఆలస్యమవుతుందని సాగనంపేద్దామని నా ఎత్తు.

కాలువకి రెండు గట్లు, రెండింటి మీదా రోడ్డే. ఏ గట్టు మీద పోవాలన్నది మా వైపు మొదట తెలుసుకోవాల్సిన సంగతి. తప్పు గట్టు పట్టుకుంటే వెళ్ళాల్సిన చోటు నీళ్ళకి అవతల కనపడుతూనే ఉంటుంది, మళ్ళీ వంతెన వచ్చేదాకా చేరే దారుండదు. పెట్టె నన్ను ఎడమ గట్టు మీద పెట్టి, ముందు వంతెన ఉంది, అక్కడ దాటమంది. దారిలో గట్టు పక్కన గడ్డి కోసుకుంటున్న ఒక ముసలాయన నన్ను చూసి చెయ్యెత్తాడు. ఆగితే మాట కలుపుతాడు. ఆగలేదు. రెండు మైళ్ళు పోయాక వంతెన తవ్వేసి ఉంది. కొత్తది కడుతున్నారు. కారు తిప్పడానికి చోటు లేక చాలా దూరం రివర్సులో వచ్చాను, ఒక పక్క కాలువ, ఒక పక్క చేలు, మెడ పట్టేసింది. ముసలాయన అక్కడే ఉన్నాడు.

"చెబుదామనే చెయ్యెత్తానండి. లాకుల వంతెన దగ్గర గట్టు మారాలండి," అన్నాడు. ఆగి, "ఎవరి తాలూకండి మీరు?" అన్నాడు.

"రాజమండ్రండి" అని గేరు మార్చాను.

ఈలోగా ఓనరు ఫోను. మిల్లు దగ్గరికి వచ్చేశాడు. ఇంట్లో కూర్చుంటాను, ఇల్లెటు అని అడిగాడు. "ఇంటికి తాళం వేసుందండి, అక్కడే ఉండండి, పది నిమిషాల్లో వచ్చేస్తా" అన్నాను. ఆ టైముకి మా ఆవిడ ఇంట్లో అన్నం వారుస్తూ ఉంటుంది. లాకుల దాకా వెనక్కి పోయి, గట్టు మారి, మిల్లు దగ్గరికి చేరేసరికి గంట పట్టింది.

దూరం నుంచే చూశాను. ఓనరు టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన కారు ముందు అద్దం మీద గట్టు బురద చింది ఉంది. దాన్ని తువ్వాలుతో తుడుస్తున్నాడు మా నాన్న.

నన్ను చూసి నాన్న పక్కకి తప్పుకున్నాడు. చేతిలో తువ్వాలు మడిచి, భుజం మీద వేసుకోకుండా చంకలో పెట్టుకున్నాడు. మా తాత ఊరి పెద్దల ముందు అలా నిలబడేవాడని విన్నాను. మా నాన్న అలా నిలబడగా నేను ఎన్నడూ చూడలేదు.

"సారు గారొచ్చేశారండి," అన్నాడు ఓనరుతో.

నాకు తల కొట్టేసినట్టయింది. కానీ నోరు మాత్రం వంతెన తవ్వేసిన సంగతి చెప్తూ క్షమాపణలు అడుగుతోంది. ఓనరు నవ్వుతూ లేచాడు. "పర్లేదండి. మీ ఇంట్లో పనిచేసే పెద్దాయన ఎండలో నుంచోనివ్వలేదు. బెంచీ తుడిచి టీ ఇప్పించాడు. కారద్దం బురదగా ఉందంటే అదీ తుడిచేశాడు. మంచి మనిషండి."

"అవునండి" అన్నాను.

మజ్జిగ ఇచ్చిన రైతు దగ్గర కనీసం నవ్వి ఊరుకున్నాను. ఇక్కడ అదీ లేదు, నోరారా అవునన్నాను, మా నాన్న నాలుగడుగుల దూరంలో ఉండగా. బోర్డున్న అట్టపెట్టె నాన్నే తెచ్చి నా కారు వెనక సీట్లో పెట్టాడు. ఓనరు వెళ్ళిపోయాడు.

టీకొట్టామె గ్లాసులు కడుగుతూ నా వంక చూడకుండా చెప్పింది. "ఆ కారాయన మీ ఇల్లడిగితే, ఇక్కడే టీ తాగుతున్న మీ నాన్నే ముందు లేచాడు బాబూ, మావాడేనండి అనబోయాడు. ఆ కారాయన ఫోను చూపించి, ఇల్లు ఈ మిల్లు కాడే చూపిస్తంది, ఇంజనీరు గారు మిల్లు వాళ్ళబ్బాయా అన్నాడు. అప్పుడు మీ నాన్న ఆ ఫోను వంక చూసి, ఆళ్ళింట్లో పనిచేస్తానండి, సారు వచ్చేస్తారు కూర్చోండి అన్నాడు."

టీ డబ్బులు బల్ల మీద పెట్టి కారు దగ్గరికి నడిచాను.

కారులో నాన్న వెనక కూర్చోబోతే ముందుకి రమ్మన్నాను. వచ్చాడు. తూము దాటాక ఆయనే అన్నాడు, కోపం లేకుండా, లెక్క విడమరిచి చెప్పినట్టు. "నీ తండ్రినని చెప్తే ఇల్లు చూపించమంటాడు గదరా. చూపించాలంటే ఇటు తీసుకురావాలి. నువ్వు అక్కడ పెట్టావంటే నీకేదో ఇబ్బంది ఉండే పెట్టుంటావు. పెద్ద పెద్దోళ్ళతో పని నీది." ఆ వెంటనే, "పొద్దున ఏమన్నా తిన్నావా?" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. మా చర్చి సంఘపెద్ద ఆయన, తప్పు చేసినవాణ్ణి చర్చిలో నిలబెట్టి మరీ అడిగే మనిషి. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. నేను చేసింది తప్పని కాకుండా అవసరమని అనుకున్నాడు, దాన్ని కాపాడటం తన బాధ్యత అనుకున్నాడు.

ఆ సాయంత్రమే పెట్టెలో ఇల్లు మార్చేశానని రాసుకోవాలని ఉంది. అబద్ధమవుతుంది. పదకొండు రోజులు పట్టింది. రోజూ కారెక్కడం, తెర మీద మిల్లు చూడటం, రేపు మారుద్దామనుకోవడం. పన్నెండో రోజు ఇంటి ముందే కారాపి, ఎవరూ చూడకుండా మార్చాను. అది మాత్రం అరనిమిషం పని. నాన్నకి చెప్పలేదు. చెప్పాలంటే ఇన్నాళ్ళూ ఏం చేశానో కూడా చెప్పాలి.

నాలుగు నెలలకి మండపేట ఓనరు మళ్ళీ ఫోను చేశాడు. కొడుకు పెళ్ళి. శుభలేఖ ఇంటికొచ్చి చేతికివ్వాలి గదా, లొకేషన్ మళ్ళీ పెట్టమన్నాడు. నేను దారిలో కలుస్తానని, మిల్లుకే వస్తానని అనొచ్చు. ఆ మాటలు నోటిదాకా వచ్చాయి కూడా. "పాతది కాదండి, కొత్తది పెడతాను. మాది చర్చి వెనకండి, పేటలో" అన్నాను. "అలాగేనండి" అన్నాడాయన. "ఓహో" మాత్రం రాలేదు.

ఓనరు కారు తూము దాటి చర్చి పక్క సందులోకి వచ్చింది. నాన్న వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దిగిన మనిషిని గుర్తుపట్టి, గబగబా లేచి, కుర్చీ తువ్వాలుతో దులిపి, ఆయన కోసం ముందుకి జరిపి, పెరటివైపు వెళ్ళిపోతున్నాడు.

"నాన్నా, ఆగు" అన్నాను.

ఆగాడు గానీ ఇటు తిరగలేదు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆ చెయ్యి రానంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

"మా నాన్నగారండి," అన్నాను ఓనరుతో. "ఆ రోజు మిల్లు దగ్గర మీరు చూసింది మా నాన్నగారినేనండి. నేనే చెప్పలేదు."

ఓనరు శుభలేఖ చేత్తో పట్టుకుని నాన్న వైపు రెండడుగులు వేశాడు. "అయ్యో, ఆ రోజు నేను అద్దం..." అని ఆగిపోయి, శుభలేఖ కుర్చీలో పెట్టి, నాన్నకి నమస్కారం పెట్టాడు.

నాన్న వెంటనే తిరిగి నమస్కరించలేదు. నా మొహంలోకి చూశాడు. ఒప్పుకోమంటావా అని అడుగుతున్నట్టు చూశాడు. నేను తల ఊపాక చేతులు జోడించాడు.